లైనర్ కింద పిడికెడు మట్టి

ఈ వ్యవహారంలో తెలివితక్కువవాడు ఎవరని అడిగితే పర్శరాములు క్షణం ఆలోచించకుండా తన పేరే చెబుతాడు. ఇంటిపేరుతో, హోదాతో సహా చెబుతాడు. గాజుల పర్శరాములు, సహాయ పర్యావరణ ఇంజనీరు, కాలుష్య నియంత్రణ మండలి జోనల్ కార్యాలయం. పదహారేళ్ల సర్వీసులో ఆయన నోరు తెరిచి వేసిన ప్రశ్న ఒకే ఒక్కటి. అది వేయకుండా ఉండాల్సిందని తెలుసుకునేలోపే ఆ ప్రశ్న సర్క్యులర్ అయి కూర్చుంది.

అంతకుముందు తనిఖీలు సుఖంగా జరిగేవి. థర్మల్ ప్లాంటులో బొగ్గు కాలగా మిగిలిన బూడిదను నీళ్లలో కలిపి, గొట్టాల్లో పారించి, ఒక పెద్ద చెరువులో పోస్తారు. పేరుకు చెరువే గానీ అందులో కప్ప కూడా బతకదు. ఆ బూడిద నీళ్లు భూమిలోకి దిగకుండా చెరువు అడుగునా, కట్టల లోపలి వైపునా నల్లటి ప్లాస్టిక్ పట్టా పరిచారు. దాన్నే లైనర్ అంటారు. మూడు నెలలకోసారి పర్శరాములు జీపులో వెళ్లి, కట్ట మీద నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని చెరువు వైపు గంభీరంగా చూసేవాడు. చెరువు కూడా తన వంతుగా గంభీరంగానే ఉండేది. ఫారంలో 'లైనర్ పరిస్థితి' అన్న గడిలో 'సంతృప్తికరం' అని రాసి, కట్ట దిగి, ఓదెమ్మ బావి దగ్గర కడుపునిండా నీళ్లు తాగి వెనక్కి వచ్చేవాడు.

ఓదెమ్మది కట్టకిందిపల్లె. పేరులో ఉన్నట్టే ముప్పై ఇళ్లు, బూడిద చెరువు కట్టకు రెండు వందల గజాల దిగువన. నల్లా నీళ్లు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. పల్లె మొత్తానికీ తాగే నీళ్లు ఓదెమ్మ బావివే. ఆ బావి పక్కనే ఆమె పాలకూర, మెంతికూర పండించి ప్లాంటు క్వార్టర్ల దగ్గర అమ్మేది. బావి తనదే అయినా ఎవరు వచ్చి తోడుకున్నా ఎందుకని అడిగిన మనిషి కాదు.

పర్శరాములు ప్రశ్న వేసింది రాజధానిలో జరిగిన రెండు రోజుల కార్యశాలలో. మధ్యాహ్నం బగారన్నం పెట్టారు. తర్వాత హాలు మొత్తం కళ్లు తెరిచి నిద్రపోతున్న సమయంలో వేదిక మీది పెద్దలు సందేహాలుంటే అడగమన్నారు. కునుకు ఆపుకోవడానికి పర్శరాములు లేచి నిలబడ్డాడు. నిలబడ్డాక ఏదో ఒకటి అడక్క తప్పదు.

"లైనర్ బూడిద కింద ఉంటది. మనం కట్ట మీద ఉంటం. మరి అది మంచిగున్నదని మనకు ఎట్ల తెలుస్తది సార్? దాని కింది మట్టి పొడిగున్నదా తడిగున్నదా చూస్తే గదా తెలిసేది?"

హాలు మేలుకుంది. వేదిక మీద ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత చప్పట్లు మొదలయ్యాయి, చాలాసేపు ఆగలేదు. ఇన్నేళ్లుగా ఈ మాట ఎవరికీ తట్టకపోవడం విచారకరమని ఒక పెద్దాయన మైకు తీసుకుని మరీ అన్నారు. విధానం ముసాయిదా రాసే బాధ్యత కూడా పర్శరాములుకే అప్పగించారు. మూడు వారాల్లో 'అధోభూమి ప్రత్యక్ష ధ్రువీకరణ విధానం' రాష్ట్రమంతటా అమల్లోకి వచ్చింది. దాని సారం చాలా సులువు. తనిఖీ అధికారి లైనర్ కింది నుంచి పిడికెడు మట్టి స్వహస్తాలతో తీయాలి. మట్టి పొడిగా ఉంటే లైనర్ భద్రం, తడిగా ఉంటే లీకేజీ. పర్శరాములుకు శాలువా కప్పి జ్ఞాపిక ఇచ్చారు. ఆ పక్షం రోజులు ఆయన నడిచిన నడక తలుచుకుంటే ఇప్పటికీ ఆయనకే సిగ్గేస్తుంది.

మొదటి తనిఖీకి పదిమంది వెళ్లారు. చెరువు అంచున బూడిద పలుచగా ఉన్న చోట తవ్వించి లైనర్ బయటపెట్టారు. ప్లాంటు తరఫున బూడిద చెరువు చూసుకునే ఇంజనీరు తాజుద్దీన్ అక్కడే ఉన్నాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని చేస్తూ కనుబొమలు శాశ్వతంగా బూడిదరంగుకు తిరిగిన మనిషి. ఆ లైనర్ మీద ఎవరైనా చెప్పులతో నడిచినా ఆయనకు ప్రాణం చివుక్కుమంటుంది. పర్శరాములు చేతిలో కత్తి చూసి ఆయన మెల్లగా అడిగాడు.

"సార్, చిల్లు ఉన్నదా లేదా చూసేటందుకు మనమే చిల్లు పెడుతున్నమా?"

"ఇది చిల్లు కాదు తాజుద్దీన్ భాయ్, నమూనా ద్వారం," అన్నాడు పర్శరాములు.

ఆ మాట అప్పటికప్పుడు తట్టినందుకు ఆయన లోలోపల మురిసిపోయాడు కూడా. అడుగు పొడవు, అడుగు వెడల్పు ముక్క కోసి, కింద చెయ్యి పెట్టి మట్టి తీశాడు. మట్టి పొడిగా, జలజల రాలింది. ఫొటోలు తీసుకున్నారు. లైనర్ భద్రంగా ఉందని, అంటే ఇందాకటి దాకా ఉండిందని, ఫారంలో నమోదైంది.

తాజుద్దీన్ వెంటనే ఆ చోటు అతికించడానికి వేడిగాలి మిషను తెప్పించాడు. పర్శరాములు జోనల్ అధికారికి ఫోన్ చేశాడు. ఆయన పేరు దక్షిణామూర్తి. నియమావళి పుస్తకాన్ని మందుబిళ్లల డబ్బా పక్కనే పెట్టుకుని, రెంటినీ పూటపూటా వేళకు తీసే మనిషి. కోయడం తనిఖీ కిందికి వస్తుందనీ, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదనీ, అతకడం మాత్రం నిర్మాణం కిందికి వస్తుంది కాబట్టి ముందస్తు అనుమతి తప్పనిసరి అనీ ఆయన తేల్చారు. దరఖాస్తు మూడు ప్రతుల్లో వెళ్లింది. అనుమతి నలభై రోజులకు వచ్చింది. అప్పటిదాకా ఆ ద్వారం మీద గోనెపట్టా కప్పి బండరాయి పెట్టారు.

రెండో తనిఖీ నాటికి సవరణ వచ్చింది. కొత్తగా ఒక చోట కోయడంతో పాటు, పాత అతుకు గట్టిగా ఉందో లేదో దాని కింది మట్టి కూడా చూడాలి. అయితే అతుకు మీద కత్తి పెట్టకూడదు, దానికి వేరే శాఖవారు ధ్రువపత్రం ఇచ్చి ఉన్నారు. కాబట్టి అతుకు చుట్టూ బయటి నుంచి కోయాలి. అడుగు ముక్క రెండడుగులైంది. దానికి వేసిన అతుకు చుట్టూ కోస్తే నాలుగైంది. ఆరోసారికి మొదటి నమూనా ద్వారం పెళ్లి షామియానా అంత పెరిగింది. కోసింది మాత్రం పిడికెడు మట్టి కోసమే.

ఐదో తనిఖీలోనే మట్టి తడిగా వచ్చింది. దక్షిణామూర్తి ఆనందానికి అవధుల్లేవు. ఈ విధానమే లేకపోతే ఈ లీకేజీ ఎప్పటికీ బయటపడేది కాదని ఆయన మండలికి రాశారు. ఆ వాక్యం టైపు చేయించింది పర్శరాములే. అందులో పొరపాటేమీ ఆయనకు కనిపించలేదు. ఈ విధానమే లేకపోతే అసలు లీకేజీయే ఉండేది కాదని తట్టడానికి ఆ మేధావికి మరో ఏడు నెలలు పట్టింది.

లీకేజీ ఎక్కడో కనిపెట్టడానికి తనిఖీలు నెలకోసారి చేశారు, ఒక్కో విడతకు మూడు ద్వారాలు. తడి పెరిగింది. ద్వారాలు కూడా పెంచారు. ప్రతి నివేదికలోనూ లైనర్‌లో నమూనా ద్వారాలు తప్ప వేరే లోపం ఏదీ లేదని రాసేవారు. నమూనా ద్వారాలు అధికారికంగా చేసినవి కాబట్టి వాటిని లోపాల పట్టికలో చేర్చే వీల్లేదు. వాటిగుండా దిగే నీటిని లీకేజీ అనకూడదని దక్షిణామూర్తి ప్రత్యేకంగా వివరణ పంపించారు.

ఒక మధ్యాహ్నం పర్శరాములు ఎప్పటిలాగే కట్ట దిగి నీళ్లడిగాడు. ఓదెమ్మ ఇవ్వలేదు. పొద్దున తోడి గట్టు మీద పెట్టిన స్టీలు చెంబు తెచ్చి ఆయన ముందు పెట్టి చూడమంది. పైన నీళ్లు తేటగానే ఉన్నాయి. అడుగున వేలి మందం బూడిద పేరుకుని ఉంది. ఆమె మడిలో పాలకూర ఆకుల మీద తెల్లటి పొర కనిపిస్తోంది. పిల్లలకు విరేచనాలవుతుంటే ఆడవాళ్లు రెండు కిలోమీటర్లు నడిచి బడి బోరింగు నుంచి నీళ్లు మోసుకొస్తున్నారు.

"మీరొచ్చి కట్ట మీద నిలవడి సూసి పొయినన్ని దినాలు నా బాయి మంచిగనే ఉండె సారూ," అంది ఓదెమ్మ. "లోపటికి దిగి కోసుడు మొదలువెట్టినంక గిట్లయింది."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే పర్శరాములు ఏదో ఒక రూలు అడ్డం పెట్టుకుని బయటపడేవాడు. చెంబులోకి చూస్తూ ఉంటే ఏడు నెలలుగా తట్టని సంగతి ఆయనకు ఒక్కసారిగా తట్టింది. తను నిద్ర ఆపుకోవడానికి వేసిన ప్రశ్న ముప్పై ఇళ్ల నీళ్లలో కలిసింది. సిగ్గుతో ఆయన ముఖం కాలిపోయింది. శాలువా ఇంట్లో బీరువాలో ఉందన్న సంగతి ఎందుకో గుర్తొచ్చి మరింత కాలింది.

మరునాడే దక్షిణామూర్తి గదిలోకి వెళ్లి చెప్పాల్సిందంతా చెప్పాడు. కోతలు ఆపాలని, ఉన్న ద్వారాలన్నీ అతికించాలని, బావిలోకి బూడిద వస్తోందని, తప్పు తనదేనని. దక్షిణామూర్తి చివరి మాట వరకూ శ్రద్ధగా విన్నారు. తనిఖీ వల్ల కాలుష్యం జరుగుతుందనడం తనిఖీ పట్ల అవిశ్వాసం ప్రకటించడమేనని, అలాంటి మాట రికార్డులో లేకుండా తను చూసుకుంటానని దయగా అభయమిచ్చారు. ఆ తర్వాత ఆయన దృష్టి బావి మీద పడింది.

"బూడిద నీరు ఆ గుంటలో చేరుతోందని మీరే అంటున్నారు. దానికి లైనర్ ఉన్నదా?"

"అది బావి సార్. బావికి లైనర్ ఎందుకుంటది?"

"పర్శరాములు గారూ, రూల్ పదకొండు చదవండి. బూడిద నీరు నిల్వ ఉండే ఏ గుంటకైనా లైనర్ విధిగా ఉండాలి. గుంట అన్నారే గానీ దాన్ని ఏ పేరుతో పిలుస్తారని అడగలేదు."

వారం తిరగకుండా ఓదెమ్మ పేర నోటీసు తయారైంది. అందులో ఆమె హోదా 'లైనర్ రహిత, అనధికార బూడిద నిల్వ కేంద్రం నిర్వాహకురాలు'. నోటీసు స్వయంగా అందజేసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవాలని రూలు. ఆ పని మీద వెళ్లింది కూడా పర్శరాములే. తల వంచుకుని రెండు పేజీలూ చదివాడు. ఓదెమ్మ మెంతికూర కట్టలు కడుతూనే విన్నది. తను ఏ కేంద్రమూ నడపడం లేదని, నీళ్లు చేదుకుంటున్నానని, అది కూడా ఇప్పుడు లేదని చెప్పింది. సంతకం పెట్టడం వచ్చని, వేలిముద్ర వేయనని అంది. పెన్ను తీసుకుని గుండ్రటి అక్షరాలతో పేరు రాసింది.

నిర్వాహకురాలికి లైనర్ వేసుకునే స్తోమత లేదు కాబట్టి ఆ పని ప్లాంటుకు అప్పగించారు. తాజుద్దీన్‌కు మనసొప్పలేదు గానీ ఏ పనీ అధ్వానంగా చేయడం ఆయన చేతకాదు. బావి నీళ్లు తోడించి, అడుగు నుంచి ఒర దాకా ముడత లేకుండా పట్టా పరిచి, అడుగున ఇసుక బస్తాలు పేర్పించాడు. ఆ లైనర్‌లో సూది మొన దూరే సందు కూడా లేదు. అందువల్ల ఒక్క చుక్క నీరు కూడా లోపలికి రాలేదు.

దక్షిణామూర్తి స్వయంగా వచ్చి బావిలోకి తొంగి చూశారు. నల్లగా, పొడిగా నిగనిగలాడుతోంది. కాలుష్యం సున్నా అని నమోదు చేయించి, రాష్ట్రంలోనే ఆదర్శప్రాయమైన యూనిట్ అని ప్రకటించి, ఓదెమ్మకు ప్రశంసాపత్రం ఇప్పించారు. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో చుట్టూ నిలబడి చూశారు. నీళ్లెప్పుడు వస్తాయని ఒకామె అడిగితే, ఈ కేంద్రంలోకి నీరు రాకుండా చూడటమే విధానం ఉద్దేశమని ఆయన ఓపికగా బోధపరిచారు.

అధీకృత బూడిద కేంద్రం అయ్యాక దానికీ తనిఖీ తప్పదు. నెల తిరిగేసరికి పర్శరాములు నడుముకు మోకు కట్టుకుని, కత్తి పట్టుకుని బావిలోకి దిగాడు. వెనక నుంచి ఊట తోసుకొస్తుంటే పట్టా అక్కడక్కడా పొట్టలా ఉబ్బి ఉంది. ఒక చోట అడుగు ముక్క కోశాడు. నీళ్లు బుస్సున చిమ్మి ఆయన చొక్కాను తడిపేశాయి. మట్టి చూసే అవసరమే లేదు. తడి. ఫారం ప్రకారం బావి తప్పింది. నీళ్లున్న పాపానికి ఒక బావి పరీక్ష తప్పడం చూసి నవ్వాలో ఏడవాలో ఆయనకు అర్థం కాలేదు.

పైనుంచి ఓదెమ్మ గొంతు వినిపించింది.

"ఇంకింత పెద్దగ కొయ్యుర్రి సారూ. బొక్కెన మునగాలె."

రెండేళ్లలో ఆయన్ని కోయమని బతిమాలిన మనిషి ఆమె ఒక్కతే. పర్శరాములుకు తను రాసిన రూలు గుర్తొచ్చింది. నమూనా ఎంత పరిమాణంలో తీయాలన్నదానికి ముసాయిదాలో తనే రాసిన మాట 'తగినంత'. గరిష్ఠ పరిమితి పెట్టడం మరిచిపోయాడు. ఇన్నాళ్లకు ఆ మరుపు పనికొచ్చింది. ఒర దాకా చుట్టూ కోసుకుంటూ వచ్చి, పట్టాను మొత్తం చాపలా చుట్టి పైకి లాగించాడు. ఫారంలో 'నమూనా పరిమాణం' అన్న చోట 'మొత్తం లైనర్' అని రాశాడు.

సాయంత్రానికి బావిలో నీళ్లెక్కాయి. పర్శరాములు వెళ్లిపోకుండా గట్టు మీదే కూర్చున్నాడు, ఎవరైనా రెండు మంచి మాటలు అంటారేమోనని. ఓదెమ్మ బొక్కెన తోడి ఆయన ముందు పెట్టింది. నీళ్లు బూడిదరంగులోనే ఉన్నాయి.

"చెరువుల ఎన్ని తావుల కోసిండ్రు సారూ?"

"నలభై మూడు."

"గవి ఎవలు అతుకుతరు?"

ప్రతిపాదనలు పంపామని, పై నుంచి అనుమతి రావాల్సి ఉందని చెప్పబోయి మానుకుని పర్శరాములు లేచాడు. కట్టెక్కి తాజుద్దీన్‌ను వెతుక్కుంటూ వెళ్లాడు. అనుమతి లేకుండా అతికితే ఉద్యోగం పోతుందని తాజుద్దీన్ ఆయనకు గుర్తు చేశాడు, తనది కూడా పోవచ్చని చెప్పాడు. ఆ వెంటనే బూడిద గొట్టాన్ని చెరువు అవతలి సగానికి మళ్లించి, వేడిగాలి మిషను బయటికి తీశాడు. తొమ్మిది రోజులు ఇద్దరూ బూడిదలో మోకాళ్ల మీద పాకుతూ అతుకులు వేశారు. పర్శరాములు వేసిన మొదటి ఏడు అతుకులు మాడిన రొట్టెల్లా వచ్చాయి. తాజుద్దీన్ వాటిని పీకి మళ్లీ వేశాడు.

ఆ తర్వాత మూడు నెలలు పర్శరాములు ఫారంలో 'తనిఖీ చేయలేదు' అని రాశాడు. రెండేళ్లలో ఆయన ఆ ఫారంలో రాసిన నిజం అదొక్కటే. నాలుగో నెలలో బావి తేటబడింది. ఓదెమ్మ మడిలో ఆకు మళ్లీ పచ్చగా లేచింది. బడి బోరింగుకు నడవడం ఆడవాళ్లు మానేశారు.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ ఆయన పర్శరాములు. సంతోషం పట్టలేక బావి నీళ్లు ల్యాబులో పరీక్ష చేయించి, నీరు శుభ్రపడిందన్న రిపోర్టును కవరింగు లెటరు పెట్టి మరీ జోనల్ ఆఫీసుకు పంపాడు. పది రోజులకు సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చింది. అది ఆయన అనుకున్నదే. దానికి జత చేసిన రెండో కాగితం మాత్రం ఆయన అనుకోనిది. తనిఖీలు జరగని కాలంలోనే నీటి నాణ్యత మెరుగుపడటం అసాధారణంగానూ, అనుమానాస్పదంగానూ ఉన్నదనీ, ఇందుకు కారణం నిర్ధారించే నిమిత్తం నూరు నమూనా ద్వారాలతో ప్రత్యేక బృందం గురువారం నాడు ఆకస్మిక తనిఖీ చేపడుతుందనీ అందులో ఉంది. విషయం అత్యంత గోప్యమని పైన ఎర్ర ముద్ర వేశారు.

గురువారం పొద్దున్నే పర్శరాములు బస్సు దిగి, ఆ కాగితం చేత్తో పట్టుకుని పల్లెలోకి వెళ్లి ఓదెమ్మకు చదివి వినిపించాడు. ఎందుకొస్తున్నారని ఆమె అడగలేదు. వాకిట్లోకి వెళ్లి, బావి తేటగా ఉన్నప్పుడే నీళ్లు తోడి పెట్టుకోవాలని నాలుగు ఇళ్ల వాళ్లను కేకేసింది. కాసేపట్లో బిందెలు, గంగాళాలు, నూనె డబ్బాలు, పిల్లల స్నానాల తొట్లు, పల్లెలో నీళ్లు పట్టే గిన్నె ప్రతిదీ బావి చుట్టూ చేరింది. ఆఖరిగా ఒకామె పెళ్లినాటి ఇత్తడి కాగు తెచ్చి పెట్టింది. కట్ట మీద తాజుద్దీన్ దారికి అడ్డంగా టిప్పర్ పెట్టించి, దాని తాళంచెవి కోసం అన్ని జేబులూ ఒకటికి రెండుసార్లు వెతుక్కుంటున్నాడు.

పర్శరాములు చొక్కా చేతులు మడిచి ఓదెమ్మతో పాటు తాడు పట్టుకున్నాడు. టిప్పర్ వెనక మూడు జీపుల హారన్లు మోగుతున్నాయి. ఇంకా పదకొండు బిందెలు ఖాళీగా ఉన్నాయి. ఓదెమ్మ బొక్కెన మళ్లీ బావిలోకి వదిలింది.